లేహ్ నుంచి ఒక్క రోజులో సింధు లోయ గోంపాలు: ఏ వరుసలో, ఎలా చూడాలి

ఏప్రిల్ వచ్చిందంటే నాకు ఒకే రకం ఫోన్లు. "లద్దాఖ్ వెళ్తున్నాం. పాంగాంగ్, నుబ్రా అన్నీ పోగా గోంపాలకి ఒక్క రోజే మిగిలింది. ఏవి చూడాలి, ఎలా చూడాలి?" అడిగిన ప్రతివాళ్లకీ చెప్పిందే చెప్తున్నాను కాబట్టి, ఇకమీదట లింకు పంపితే సరిపోతుందని ఇది రాస్తున్నాను.

గోంపాలంటే బౌద్ధ మఠాలు, వాటికి ఒక్క రోజు చాలు. కాకపోతే అందరూ వెళ్లే వరుసలో వెళ్తే చాలదు. మామూలుగా జరిగేది ఇది: హోటల్లో టిఫిన్ చేసి పదింటికి బయల్దేరతారు. దగ్గర్లో ఉందని ముందు పాత రాజధాని షే చూస్తారు. పక్కనే సినిమా వాళ్ల పుణ్యమా అని పేరొచ్చిన స్కూలు ఉంది, డ్రైవర్ అడక్కుండానే ఆపుతాడు. థిక్సే గోంపా చేరేసరికి ఒంటిగంట, లామాల భోజనాల వేళ, సగం గదులకి తాళాలు. హెమిస్‌కి వెళ్లేసరికి కాళ్లు సహకరించవు. మొదటిసారి నేను నాన్నగారితో వెళ్లినప్పుడు సరిగ్గా ఇదే చేశాను, అదీ విమానం దిగిన మర్నాడే. థిక్సే మెట్ల మీద ఆయనకి తలనొప్పి మొదలైంది, వెనక్కి తిరిగాం. హెమిస్ చూడటానికి నాకు ఇంకో మూడేళ్లు పట్టింది.

అందుకే వరుస తిరగేయండి. తెల్లవారుతూనే థిక్సే, అక్కడి నుంచి నేరుగా చివర ఉన్న హెమిస్, తిరుగు దారిలో ఓపిక ఉంటే స్టక్నా, ఆఖరున షే. ఇవన్నీ లేహ్ నుంచి సింధు నది ఎగువకి వెళ్లే ఒకే రోడ్డు మీద ఉన్నాయి. షే 15 కిలోమీటర్లు, థిక్సే 19, స్టక్నా 25, హెమిస్ 40 దాటి. ఈ దారిలో మన దేశస్థులకి ఇన్నర్ లైన్ పర్మిట్, అంటే సరిహద్దు ప్రాంతాల అనుమతి, అక్కర్లేదు.

ఏమేం కావాలి

మందపాటి సాక్సులు రెండు జతలు. నవ్వకండి, అన్నిటికంటే ముఖ్యమైనవి ఇవే. ప్రతి గుడి ముందూ చెప్పులు విప్పాలి, పొద్దున్న ఆరింటికి ఆ నేల మంచుగడ్డలా ఉంటుంది. లేసులు కట్టే బూట్లు వద్దు, రోజుకి ఇరవై సార్లు విప్పి కట్టాలి, వంగి లేచిన ప్రతిసారీ ఆయాసం వస్తుంది.

ఉన్ని టోపీ, ఎండ టోపీ రెండూ. చలి టోపీ తీసేలోపు ఎండ మాడ్చేస్తుంది. సన్‌స్క్రీన్, పెదాలకి రాసుకునేది, నల్ల కళ్లద్దాలు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు. చిన్న టార్చి. చిల్లర నోట్లు, టికెట్లకీ హుండీలకీ. నెట్‌వర్క్ ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి యూపీఐని నమ్ముకోకండి. మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, ఇంట్లో ఒక్కరికైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి.

తినడానికి ఖర్జూరాలు, వేరుశనగ చిక్కీ, జంతికలు. చిప్స్ ప్యాకెట్ ఆ ఎత్తులో బుడగలా ఉబ్బిపోతుంది, కంగారు పడకండి, బయట గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి అంతే. ఇంటి నుంచి ఆవకాయ డబ్బా తెచ్చుకుంటే మాత్రం మూత మెల్లిగా, బాత్‌రూమ్ సింకులో పెట్టి తీయండి. నా తెల్ల చొక్కా ఒకటి అలాగే పోయింది.

1. ముందు రెండు రోజులు ఏమీ చేయకండి

లేహ్ దాదాపు 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. హైదరాబాద్ 540 మీటర్ల దగ్గర, విజయవాడ అంతకంటే కింద. పొద్దున్న ఢిల్లీలో ఎక్కి గంటన్నరలో అంత ఎత్తున దిగితే ఒంటికి అలవాటు పడే టైమే ఉండదు. దిగిన రోజు మంచం మీదే ఉండండి. రెండో రోజు బజారులో నెమ్మదిగా తిరగండి. గోంపాల రోజు మూడోది కానీ నాలుగోది కానీ. ఈ రెండు రోజులూ మందు, సిగరెట్ వద్దు.

డయామాక్స్ (ఎత్తు పడకపోవడానికి వాడే మాత్ర) వేసుకోవాలా అని అందరూ అడుగుతారు. బయల్దేరే ముందే మీ డాక్టర్‌ని అడగండి, సల్ఫా మందులు పడవంటే ఆ సంగతి తప్పకుండా చెప్పండి. పక్క సీటాయన ఇచ్చాడని వేసుకోకండి.

రెడీగా ఉన్నారో లేదో తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. రెండో రోజు సాయంత్రం లేహ్ ప్యాలెస్ వైపు ఎక్కే సందుల్లో ఓ పావుగంట నడవండి. ఆయాసం వస్తుంది, అది అందరికీ వచ్చేదే. ఆగి అయిదు నిమిషాలు కూర్చుంటే తగ్గాలి. రాత్రి తలనొప్పి లేకుండా అన్నం సయించాలి. తలనొప్పితో పాటు వికారం, తల తిరగడం ఉంటే మర్నాటి ట్రిప్ వాయిదా వేయండి. ఏ పనీ చేయకుండా కూర్చున్నా ఊపిరి ఆడకపోయినా, మనిషి తూలుతున్నా, మాట తడబడుతున్నా వాయిదా కాదు, వెంటనే ఆసుపత్రికి. లేహ్‌లోనే ఎస్ఎన్ఎం ఆసుపత్రి ఉంది, ఇలాంటి కేసులు వాళ్లకి రోజూ వచ్చేవే.

2. ముందు రోజే టాక్సీ, గైడు మాట్లాడుకోండి

టాక్సీ రేట్లు అక్కడి యూనియన్ నిర్ణయిస్తుంది, అచ్చు వేసిన కార్డు ఉంటుంది. కాబట్టి బేరం మీద గంట ఖర్చుపెట్టకండి. మాట్లాడుకోవలసింది వేరే: పొద్దున్న అయిదుంపావుకి బండి గుమ్మం ముందు ఉండాలి, ముందు థిక్సే, తర్వాత హెమిస్, మధ్యలో షాపుల దగ్గర ఆపకూడదు. ఇదంతా కాగితం మీద రాసి ఇవ్వండి. చాలామంది డ్రైవర్లు "ఇంత పొద్దున్న ఎందుకు, పదింటికి వెళ్దాం" అంటారు. మెత్తబడకండి.

డ్రైవర్ వేరు, గైడు వేరు. రాయి, రంగు, బొమ్మ వెనక కథ మీకు అక్కర్లేదంటే గైడు అక్కర్లేదు. కావాలంటే మాత్రం స్థానికుడిని పెట్టుకోండి. అతను పనికొస్తాడో లేదో ముందు రోజే రెండు ప్రశ్నల్లో తేలిపోతుంది. థిక్సే ఏ సంప్రదాయం, హెమిస్ ఏ సంప్రదాయం? థిక్సే గెలుగ్, అంటే పసుపు టోపీల వాళ్లు. హెమిస్ ద్రుక్పా, ఎర్ర టోపీలు. రెండోది, గుమ్మం పక్కన గోడ మీద ఉండే భవచక్రం బొమ్మ వివరించగలరా? "ఆ, అదేదో లైఫ్ వీల్ సార్" అన్నాడంటే అతనికిచ్చే డబ్బుతో రెండు ప్లేట్ల మోమోలు తినండి.

3. ఆరింటికి థిక్సే మెట్ల దగ్గర ఉండండి

దూరం నుంచి చూస్తే కొండ వాలు నిండా తెల్ల గదులు, పైన ఎరుపు, పసుపు కట్టడాలు. పన్నెండు అంతస్తులు. లాసాలోని పోతలా ప్యాలెస్‌తో పోలుస్తారు. 15వ శతాబ్దంలో మొదలైన మఠం. కార్లు గేటు దాకా వెళ్తాయి, అక్కడి నుంచి మెట్లు. ఇరవై మెట్లకి ఒకసారి ఆగండి. పక్కన చిన్న లామా కుర్రాళ్లు రెండేసి మెట్లు దూకుతూ వెళ్తారు, వాళ్లతో పోటీ పడకండి.

ప్రార్థన ఆరు, ఏడు మధ్య మొదలవుతుంది. కచ్చితమైన టైమ్ ముందు రోజు హోటల్ వాళ్ల చేత ఫోన్ చేయించి కనుక్కోండి. దానికి ముందు ఇద్దరు లామాలు మేడ మీద నిలబడి దుంగ్‌చెన్ ఊదుతారు. మనిషికి రెండింతలు పొడవుండే బాకా అది. ఆ శబ్దం చెవికంటే ముందు పక్కటెముకలకి తగులుతుంది.

దుఖాంగ్, అంటే ప్రార్థనా మందిరంలోకి వెళ్లాక గోడ పక్కన కూర్చోండి. లామాల వరుసల మధ్య నుంచి నడవకూడదు. బుద్ధుడి వైపు కాళ్లు చాపకూడదు. ఇదంతా మన గుడి మర్యాదే, కొత్తగా నేర్చుకునేదేం లేదు. వెన్న టీ పోస్తే వద్దనకండి. టీ అనుకుని తాగితే మొహం అదోలా అవుతుంది. ఉప్పు వేసిన సూప్ అనుకోండి, దిగుతుంది. ఇంకో కిటుకు: గిన్నె ఖాళీ అయితే మళ్లీ నింపుతారు. ఇక చాలు అనుకుంటే నిండుగానే వదిలేసి, లేచేముందు తాగండి. నేను మర్యాద కోసం మూడుసార్లు ఖాళీ చేశాను. మధ్యాహ్నం దాకా ఆకలి వేయలేదు.

ప్రార్థన అయ్యాక మైత్రేయుడి (రాబోయే బుద్ధుడి) గుడి తెరుస్తారు. 15 మీటర్ల విగ్రహం, రెండంతస్తుల ఎత్తు. మీరు లోపలికి అడుగుపెట్టేది పై అంతస్తులో కాబట్టి మొహం సరిగ్గా మీ ఎదురుగా ఉంటుంది. చాలామంది మొహం ఫోటో తీసుకుని వెనక్కి తిరుగుతారు. కటకటాల దగ్గరికి వెళ్లి కిందికి తొంగి చూడండి, అప్పుడు తెలుస్తుంది అసలు కొలత. విగ్రహం పాతది కాదు. 1970లో దలైలామా వచ్చిన గుర్తుగా చేశారు. గైడు "వెయ్యేళ్ల విగ్రహం" అంటే నవ్వి ఊరుకోండి.

దుఖాంగ్ గుమ్మం దగ్గర మాత్రం కనీసం పదిహేను నిమిషాలు నిలబడండి. ఇక్కడే కాదు, ప్రతి గోంపాలోనూ. ముందు వసారా గోడల మీద నలుగురు దిక్పాలకులు ఉంటారు. తెల్లగా, వీణలాంటిది పట్టుకున్నవాడు ధృతరాష్ట్రుడు. నీలంగా, కత్తితో విరూఢకుడు. ఎర్రగా విరూపాక్షుడు. పసుప్పచ్చగా, చేతిలో ముంగిస ఉన్నవాడు వైశ్రవణుడు, అంటే మన కుబేరుడే. ముంగిస నోట్లోంచి రత్నాలు రాలుతుంటాయి.

పక్కనే భవచక్రం. ఒక భయంకర రూపం పెద్ద చక్రాన్ని పళ్లతో, గోళ్లతో పట్టుకుని ఉంటుంది. నడిమధ్యన కోడి, పాము, పంది ఒకదాని తోక ఒకటి కరుచుకుని తిరుగుతుంటాయి. రాగం, ద్వేషం, మోహం. అక్కడి నుంచి చూపు బయటి అంచుకి తీసుకెళ్లండి. పన్నెండు చిన్న బొమ్మలుంటాయి. కర్ర పట్టుకున్న గుడ్డి మనిషి అవిద్య. కుండలు చేసే కుమ్మరి సంస్కారం. గెంతే కోతి విజ్ఞానం. పడవలో మనుషులు నామరూపాలు. కిటికీలున్న ఖాళీ ఇల్లు షడాయతనం, అంటే ఆరు ఇంద్రియాలు. కంట్లో బాణం దిగినవాడు వేదన. ఇంగ్లిష్ బోర్డు చదివేవాళ్లు తడుముకునే చోట మనకి మాటలు ముందే తెలుసు.

మనవాళ్లు అక్కడ వెతకాల్సిన బొమ్మ ఇంకొకటి ఉంది. భిక్షువు వేషంలో కూర్చుని, తల వెనక పాము పడగలు గొడుగులా విప్పుకున్న మనిషి కనిపిస్తే ఆయన ఆచార్య నాగార్జునుడు. టిబెటన్లు లుద్రుప్ అంటారు, 'లు' అంటే నాగం. మన నాగార్జునకొండకి పేరిచ్చినాయన. మాది గుంటూరు వైపు అని చెప్తే థిక్సేలో ఒక ముసలి లామాకి అర్థం కాలేదు. అమరావతి అనగానే లేచి నిలబడ్డాడు. 2006 జనవరిలో దలైలామా అక్కడ కాలచక్ర దీక్ష ఇచ్చినప్పుడు వచ్చాడట. ఎండ గుర్తుంది, అరటిపళ్లు గుర్తున్నాయి అన్నాడు. వాళ్ల నమ్మకం ప్రకారం బుద్ధుడు కాలచక్ర తంత్రాన్ని మొదట బోధించింది మన ధాన్యకటకంలోనే, అంటే అమరావతిలోనే. లాసా దగ్గరి డ్రెపుంగ్ మఠం పేరు కూడా ధాన్యకటకానికి టిబెటన్ అనువాదమే. కాబట్టి ఎక్కడి నుంచి వచ్చారని అడిగితే హైదరాబాద్ అనో వైజాగ్ అనో చెప్పి ఊరుకోకండి, అమరావతి పేరు కూడా కలపండి.

మేడ మీదికి ఎక్కి లోయ ఒకసారి చూసుకుని తొమ్మిదింటికల్లా దిగండి.

4. పదిన్నరకి హెమిస్

కారూ దగ్గర సింధు దాటి కుడివైపు కొండల్లోకి ఎక్కుతారు. అదే కారూ నుంచి ఎడమకి తిరిగితే పాంగాంగ్ దారి, డ్రైవర్ అలవాటుగా అటు పోకుండా చూడండి. కారూ సైన్యం ఉండే చోటు, అక్కడ కెమెరా సంచిలోనే ఉంచండి.

హెమిస్ చివరి మలుపు తిరిగేదాకా కనపడదు. కొండ చీలికలో దాక్కున్నట్టు ఉంటుంది. 17వ శతాబ్దంలో రాజు సెంగే నంగ్యాల్ ఆదరణతో ఎదిగిన మఠం ఇది, లద్దాఖ్‌లో ఆస్తిపరుల్లో ఒకటి. ముందు మ్యూజియంకి వెళ్లండి, మధ్యాహ్నం మూసే ముందే అయిపోవాలి. ఫోన్, కెమెరా, సంచి లాకర్లో పెట్టి తాళం మీ దగ్గరే ఉంచుకోవాలి. లోపల పాత తంకాలు (గుడ్డ మీద వేసిన బొమ్మలు), విగ్రహాలు, కత్తులు, పాత్రలు. ఫోన్ లేకపోవడం వల్ల మనుషులు నిజంగా బొమ్మల్ని చూస్తూ కనిపించే చోటు ఇదొక్కటే.

తర్వాత పెద్ద వాకిలి. జూన్, జూలైలో టిబెటన్ అయిదో నెల పదో తిథికి మొదలై రెండు రోజులు జరిగే ముసుగు నాట్యాలు ఇక్కడే. ఆ రోజుల్లో వెళ్తే నేను చెప్పిన టైములన్నీ మర్చిపోండి. కారూ నుంచే బళ్లు ఆగిపోతాయి, పండగ ఒక్కటే చూసుకుని వెనక్కి రండి.

5. భోజనం

హెమిస్ దగ్గరో, కిందికి దిగి కారూలోనో తుక్పా తినండి. వేడివేడి నూడుల్స్ పులుసు. అన్నం పప్పు కూడా దొరుకుతుంది. సగం కడుపే నింపండి, ఆ ఎత్తులో అరగడం ఆలస్యం.

6. స్టక్నా, ఓపిక ఉంటేనే

స్టక్నా అంటే పులి ముక్కు. చదునైన లోయ మధ్యలో ఒక్క రాతి గుట్ట, దాని మీద చిన్న గోంపా. రోడ్డు నుంచి జెండాలు కట్టిన వంతెన మీద సింధు దాటి వెళ్లాలి. లోపల చూసేది తక్కువే, పైనుంచి నది చూడటానికి వెళ్తాం. పిల్లలు, పెద్దలు అలిసిపోతే నిర్మొహమాటంగా వదిలేయండి. వంతెన మీద పది నిమిషాలు ఆగినా చాలు.

7. నాలుగింటికి షే

ఇది లద్దాఖ్ పాత రాజధాని. పైన శిథిలమైన ప్యాలెస్, లోపల బంగారు పూత వేసిన రాగి రేకుల శాక్యముని, దాదాపు 12 మీటర్లు. థిక్సే విగ్రహం చూసిన కళ్లకి ఇది వేరే లోకం. అక్కడ రంగులు మెరుస్తుంటాయి. ఇక్కడ వెన్న దీపాల మసి పట్టి గోడల బొమ్మలు సగం చీకట్లో ఉంటాయి. టార్చి ఇక్కడ పనికొస్తుంది, అడిగి వేయండి, గోడ మీద ఒక్క చోటే పెట్టి ఉంచకండి. ఫ్లాష్ ఎక్కడా వద్దు.

దిగాక రోడ్డు పక్కన బండ మీద చెక్కిన అయిదుగురు బుద్ధుల్ని వెతకండి. నూటికి తొంభై మంది దాని పక్కనుంచే కారులో వెళ్లిపోతారు.

ఎక్కువగా చేసే తప్పులు

స్తూపాలకీ, రాళ్లు పేర్చిన మణి గోడలకీ తప్పు పక్కనుంచి నడవడం. మన ప్రదక్షిణే: అవి మీ కుడిచేతి వైపు ఉండాలి. ప్రార్థన చక్రాలు కూడా అటే తిప్పాలి. మణి గోడ మీది రాయి ఒకటి జ్ఞాపకంగా జేబులో వేసుకునేవాళ్లని చూశాను. గుళ్లోంచి దీపపు కుందె ఎత్తుకొచ్చినట్టే అది.

గోన్‌ఖాంగ్ అని ఉగ్రదేవతల గది ఉంటుంది, మొహాలకి గుడ్డలు కప్పి ఉంచుతారు. కొన్నిచోట్ల ఆడవాళ్లని రానివ్వరు. వాదించకండి, గుమ్మం దగ్గరే అడిగి కనుక్కోండి. గుడ్డ ఎత్తి చూపించమని మాత్రం అడగకండి.

లామాల మొహం మీద ఫోన్ పెట్టడం. ముందు "జూలే" అనండి. నమస్కారానికీ థాంక్సుకీ అదే మాట. పెద్దావిడని "ఆమా-లే" అంటే పొంగిపోతారు, ఆ 'లే' మన 'గారు' లాంటిది.

లెక్క కోసం చూడటం. అదే రోజు మాథో, స్టోక్ గోంపాలు కూడా పెట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. రాత్రికి ఏది ఏదో గుర్తు లేదు. మీకో పరీక్ష: పడుకునే ముందు ఫోన్లో ఫోటోలు తిప్పుతూ, ఒక్కోటీ ఏ గోంపాలోదో చూడకుండా చెప్పండి. మూడింటికి రెండు చెప్పగలిగితే రోజు సరిగ్గా గడిచినట్టు. అన్నీ ఒకేలా కనిపిస్తే రేపు ఒక్క థిక్సేకే మళ్లీ వెళ్లండి.

మెట్లు ఎక్కలేని అమ్మానాన్నలుంటే

దిశ మార్చండి. లేహ్ నుంచి దిగువకి, అల్చికి. 65 కిలోమీటర్ల పైనే దూరం, కానీ కొండ మీద కాదు, ఊళ్లోనే చదునుగా ఉంది, ఎత్తు కూడా లేహ్ కంటే తక్కువ. చెక్క స్తంభాలున్న మూడంతస్తుల గుడి, లోపల కశ్మీరీ చిత్రకారుల చెయ్యి కనిపించే గోడబొమ్మలు. ఎనిమిది వందల ఏళ్లు దాటినవి. వయసులో థిక్సే, హెమిస్ దీని ముందు పిల్లలే. ఫోటోలు తీయనివ్వరు. దారిలో నిమ్మూ దగ్గర జన్‌స్కార్ నది వచ్చి సింధులో కలిసే చోటు ఆగి చూడండి. రెండు రంగుల నీళ్లు కొంత దూరం కలవకుండా పక్కపక్కనే పోతాయి.

వాన పడితే

అక్కడ ఏడాదంతా కలిపి పడేది పది సెంటీమీటర్ల లెక్కలో. నేల వానని తాగే రకం కాదు. 2010 ఆగస్టు మొదటి వారంలో ఒక్క రాత్రి కుండపోతకి లేహ్, చోగ్లంసర్ ప్రాంతాల్లో బురద ఊళ్ల మీదికి వచ్చి పడింది, చాలామంది పోయారు. జూలై, ఆగస్టుల్లో కొండల మీద నల్లమబ్బు కనిపించి డ్రైవర్ వెనక్కి పోదామంటే, అప్పుడు మాత్రం అతను చెప్పిందే వినండి. ఎండు వాగుల్లో బండి ఆపి ఫోటోలు దిగకండి.

సాయంత్రం ఆరింటికి లేహ్‌లో ఉంటారు. మర్నాడు ఖార్దుంగ్‌లా కనుమ ఎక్కే ప్లాన్ ఉంటే ఆ రాత్రి బజారుకి వెళ్లకుండా పడుకోండి. తడిసిన సాక్సులు హీటర్ మీద కాదు, కిటికీ దగ్గర ఆరేయండి. ఆ పొడి గాలికి తెల్లారేసరికి ఆరిపోతాయి.